తాడు లాగక్కర్లేని మోటారు

మా నర్సీపట్నంలో ఏ ఫంక్షన్ హాల్లోనూ మైకు సరిగ్గా పలకదు. హాళ్ళకి ఏసీలొచ్చాయి, లిఫ్టులొచ్చాయి, పెళ్ళికూతురు నడిచొస్తుంటే పొగ వదిలే మిషన్లు కూడా వచ్చాయి. మైకు మాత్రం పట్టుకున్న చెయ్యి కాస్త కదిలితే గుర్రుమని ఊరుకుంటుంది. లోపల ఎక్కడో వైరు వదులై ఉంటుంది. ఆ సంగతి హాలు వాళ్ళకీ తెలుసు, సౌండు బాక్సుల వాళ్ళకీ తెలుసు. అయినా దాన్ని తెచ్చి నా చేతిలోనే పెడతారు. "మేస్టారు రెండు ముక్కలు మాట్లాడతారు" అని అనౌన్సు చేస్తారు. మాట్లాడమంటే మాట్లాడమని కాదు, నవ్వించమని.

నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఆ మైకుని ఏ కోణంలో పట్టుకుంటే పలుకుతుందో నాకు తెలుసు. అంచేత నాకు రెండు పేర్లు వచ్చాయి. ఒకటి, నవ్విస్తాడని. రెండోది, వైర్ల సంగతి తెలిసినవాడని. రెండింటినీ నేను ఎప్పుడూ కాదనలేదు. బంధువుల ఇళ్ళలో మిక్సీ ఆగినా నాకే ఫోను, ఇన్వర్టరు కూత పెట్టినా నాకే ఫోను. మా బావ పడవ మోటారు కొన్నప్పుడు కూడా అలాగే ఫోను వచ్చింది.

మా అక్కని రావికమతం అవతల ఓ ఊరికిచ్చాం. బావది చెరుకూ, కొంచెం జీడితోటా. మూడేళ్ళ కిందట ట్రాక్టరు మీదికి చెరుకు మోపులు ఎక్కిస్తూ పైనుంచి జారి వెల్లకిలా పడ్డాడు. నడుం పోయింది. విశాఖపట్నంలో డాక్టరు ఫిల్ములన్నీ లైటుకి పెట్టి చూసి, బరువెత్తకూడదు, వంగకూడదు, గుంజకూడదు అన్నాడు.

"మరేటి సెయ్యొచ్చండీ?" అని అడిగాడట బావ.

"కూర్చోవచ్చు."

బావ వచ్చి వరండాలో కూర్చున్నాడు. చెరుకు కౌలుకిచ్చేశారు. జీడితోట పని అక్క చూసుకునేది. మొదట్లో ఊళ్ళోవాళ్ళు పలకరించడానికి వచ్చేవారు. తర్వాత దారిన పోతూ చెయ్యి ఊపేవారు. ఒకసారి నేను వెళ్తే వంటింట్లో అక్క గొంతు తగ్గించి, "వరండాలో కుర్చీ తుడుస్తుంటే మీ బావ కాళ్ళు పైకెత్తుతాడురా. ఇంకేం మాటాడడు. కుర్చీతో పాటు తుడిచేస్తానేమోనని భయమేస్తంది" అంది. నేను దానికి కూడా ఏదో జోకు వేశాను. ఏం వేశానో గుర్తులేదు, అక్క నవ్వలేదన్నది గుర్తుంది.

వాళ్ళ ఊరికి దగ్గర్లో ఓ రిజర్వాయరు ఉంది. దాని అవతల ఒడ్డున, కొండల కింద, నాలుగైదు చిన్న ఊళ్ళున్నాయి. రోడ్డు మీద రావాలంటే నీళ్ళ చుట్టూ తిరిగి రావాలి. అందుకని సంతకొచ్చేవాళ్ళూ, బడికొచ్చే పిల్లలూ తెడ్లు వేసే పడవల్లో ఇవతలికొస్తారు. ఎవరి పడవలో జనం ఎక్కాలన్నది అక్కడి చేపల సొసైటీ పెద్దలు తేలుస్తారు. గాలి లేచినప్పుడు తెడ్ల పడవలు సగంలో ఆగిపోతున్నాయి, మోటారు పడవ ఉంటే బాగుంటుందని వాళ్ళే అనుకుంటున్నారని బావ చెవిన పడింది.

వెళ్ళి అడిగాడు. "తెచ్చి చూపించు. బాగుంటే పని నీదే" అన్నారు.

కూర్చుని చేసే పని. మూడేళ్ళలో బావకి దొరికిన మొదటి పని అదొక్కటే.

సముద్రం వైపు ఊళ్ళో ఒకాయన కొత్త మోటారు కొనుక్కుని పాతది తీసేస్తుంటే బావ పడవతో సహా తెచ్చుకున్నాడు. పడవ వెనక చెక్కకి బిగించే రకం, రెండు సిలిండర్లది. ఇలాంటి పాత మోటార్లని చాలావరకు తాడు గుంజి స్టార్టు చెయ్యాలి. ఆ గుంజుడు గట్టి నడుం ఉన్నవాడికే చుక్కలు చూపిస్తుంది. దీనికి మాత్రం బ్యాటరీ, సెల్ఫు, తాళం చెవి ఉన్నాయి. బావ దాన్ని ఎంచుకున్నది అందుకే. ఇంటికొచ్చాక తాళం తిప్పితే మోటారు "టక్" అని ఊరుకుంది. అప్పుడు నాకు ఫోను.

ఇక్కడో సంగతి చెప్పాలి. మా వైపు బావనీ, బావమరిదినీ ఎగతాళి చెయ్యకపోతే మర్యాద తక్కువ చేసినట్టు. పెళ్ళిలో మొదలుపెట్టిన ఎకసెక్కం ముసలాళ్ళయ్యేదాకా సాగాల్సిందే. అతని బట్టతల, అతని ఊరు, అతని ఎద్దులు, అతని వంట రాకపోవడం, ఏదైనా అనొచ్చు. దానికి కోపం తెచ్చుకుంటే తప్పు తెచ్చుకున్నవాడిదే. మా బావ ఎప్పుడూ తెచ్చుకోలేదు. నేనేమన్నా ముందు తనే నవ్వేవాడు. ఇరవై ఏళ్ళుగా నాకు దొరికిన మంచి ప్రేక్షకుడు ఆయనే.

ఆదివారం పొద్దున్నే మీటరూ, స్పానర్లూ బ్యాగులో వేసుకుని బండి మీద వెళ్ళాను. పెరట్లో రెండు గుంజలకి అడ్డంగా చెక్క కట్టించి, పక్కింటి కుర్రాళ్ళ చేత దానికి మోటారు ఎక్కించి, కింద నీలం డ్రమ్ములో నీళ్ళు పోయించి ఉంచాడు బావ. డ్రమ్ము కూడా మొహం కడిగినట్టు శుభ్రంగా ఉంది.

బ్యాటరీకి మీటరు పెట్టాను. పన్నెండున్నర వోల్టులు చూపించింది.

"బేటరీ బాగున్నట్టేగా?" అన్నాడు బావ.

"ఊరికే కూర్చున్నంతసేపూ అందరూ బాగానే ఉంటారు బావా. బరువు పడితేనే కదా నడుం సంగతి తెలిసేది."

అన్నాక గాని నేనేమన్నానో నాకు వినపడలేదు. నేను చెప్పింది బ్యాటరీ గురించే. తాళం తిప్పినప్పుడు, అంటే కరెంటు గట్టిగా లాగినప్పుడు చూస్తేనే దాని బలం తెలుస్తుంది. బావ పెద్దగా నవ్వి, "నన్ను కూడా మీటరెట్టి సూడు బావా, ఎంత సూపెడతాదో" అన్నాడు. నేను తల వంచుకుని టెర్మినళ్ళు గీకడం మొదలుపెట్టాను.

టెర్మినళ్ళ మీద పచ్చగా, తెల్లగా పొడి పేరుకుని ఉంది. వంటసోడా కలిపిన వేడినీళ్ళు పోసి, ఇసుక కాగితంతో రుద్దితే కింద సీసం మెరిసింది. అయినా "టక్" మానలేదు. తాళం తిప్పి పట్టుకోమని బావకి చెప్పి, ఎర్తు కేబులు ఈ కొసా ఆ కొసా మీటరు పెట్టి చూశాను. ఏమీ చూపించకూడదు, చాలా చూపించింది. అంటే బ్యాటరీ ఇచ్చే బలమంతా ఆ కేబులే మింగేస్తోందన్నమాట. పైన తొడుగు కొత్తగా నిగనిగలాడుతోంది. కోసి చూస్తే లోపల రాగి ఆకుపచ్చ పొడైపోయింది. సముద్రం ఉప్పు.

నర్సీపట్నం వచ్చి, ట్రాక్టరు సామాన్ల కొట్లో లావుపాటి కేబులు కొనుక్కుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి సెల్ఫు గిర్రున తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. ప్లగ్గు తీసి ఇంజనుకి ఆనించి చూస్తే నిప్పురవ్వ లేదు.

ఇలాంటి మోటారుని ఆపడానికి ఓ వైరుంటుంది. తాళం కట్టేస్తే ఆ వైరు ఎర్తుకి తగిలి రవ్వ ఆగిపోతుంది, ఇంజను చచ్చిపోతుంది. తాళం స్విచ్చిలో తడి చేరినా, ఉప్పు చేరినా ఆ వైరు ఎప్పుడూ ఎర్తుకి తగిలే ఉంటుంది. మనం స్టార్టు చేస్తుంటే, లోపల ఒకడు కూర్చుని ఆపుతూనే ఉంటాడు. వైరు ఊడదీసి చూశాను. రవ్వ ఠపఠపా వచ్చింది. స్విచ్చి విప్పి, పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి బిగించాను. నిజానికి కొత్త స్విచ్చి వెయ్యాలి, దానికో రబ్బరు టోపీ తొడగాలి. కొట్లో లేవు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

"దీనికి నీళ్ళు తగలనివ్వకండి" అన్నాను బావతో.

"పడవ మోటారుకి నీళ్ళు తగలకూడదా?"

"ఉప్పునీళ్ళ పుట్టింటి అలవాట్లండి."

బావ కుర్చీ తెచ్చుకుని మోటారు పక్కన కూర్చుని, రెండు వేళ్ళతో తాళం తిప్పాడు. డ్రమ్ములో నీళ్ళు ఎగిరిపడ్డాయి, పెరడంతా నీలంపొగ. ఆపాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ ఆపాడు. అక్క తడిచేతులతో బయటికొచ్చింది. "తాడు లాగక్కర్లేదు" అని ఆవిడకి చెప్పాడు. కాసేపాగి నాకూ చెప్పాడు, నాకేదో తెలియనట్టు. "తాడు లాగక్కర్లేదు బావా." ఆయన మొహం అలా ఉండడం నేను చాన్నాళ్ళకి చూశాను. ఆ పూట నాకు చాలా గర్వంగా ఉంది. ఆ గర్వాన్ని అక్కడే వదిలి ఇంటికొచ్చేసి ఉంటే బాగుండేది.

సొసైటీ వాళ్ళకి చూపించే రోజున సెలవు పెట్టి వెళ్ళాను. ఒడ్డున జనం బాగానే ఉన్నారు. సొసైటీ పెద్దాయన, మిగతా పెద్దలూ, అవతలి ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళూ. బావ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. లోపల నడుంబెల్టు అంచు చొక్కా మీద తెలుస్తోంది. అక్క పూజ సామాను తెచ్చింది. మోటారుకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టింది.

"కొబ్బరికాయ నువ్వే కొట్టు బావా. నీ సేతి మీదే లేసింది గదా" అన్నాడు బావ.

కొట్టాను. రాయి మీద కొట్టి, అందరూ బండికి చేసినట్టే, చిప్పలో నీళ్ళు మోటారు మీద చల్లాను. ఎడాపెడా కాదు, మర్యాదగా, ముందువైపు. తాళం ఉండేది ముందువైపే. ఫిజిక్సు చెప్పేవాణ్ణి, వారం కిందట ఆ స్విచ్చిని నా చేత్తో ఎండబెట్టినవాణ్ణి. మీ ఊళ్ళో కొబ్బరినీళ్ళని నీళ్ళ కింద లెక్కేస్తారో లేదో గాని, ఆ క్షణాన నేను మాత్రం వెయ్యలేదు. అది పూజ. పూజకి తడి ఉంటుందని నాకు తట్టలేదు.

బావ పడవలో కూర్చుని తాళం తిప్పాడు. సెల్ఫు గిర్రుమంది. ఇంజను అందుకోలేదు. మళ్ళీ తిప్పాడు. బావ నా వైపు చూశాడు. బావతో పాటు ఒడ్డంతా నా వైపు చూసింది.

వెళ్ళి బ్యాటరీ చూశాను. టెర్మినళ్ళు చూశాను. నేను వేసిన కొత్త కేబులు చూశాను, ఫ్యూజు చూశాను. అన్నీ బాగున్నాయి. చేతికి తగిలినవన్నీ అనుమానించాను గాని నా చేతుల్ని అనుమానించలేదు. వెనకాల ఎవరో దగ్గారు. సిగ్గేస్తే కొందరు తల దించుకుంటారు, కొందరు కోప్పడతారు. నేను మైకు పట్టుకుంటాను.

"ఏం లేదండి" అన్నాను గట్టిగా, జనం వైపు తిరిగి. "మా బావదీ ఈ మోటారుదీ ఒకటే ఈడు. ఇద్దరికీ నడుమే పోయింది."

ఒడ్డు ఘొల్లుమంది. బావ కూడా నవ్వాడు, ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి తాళం మీద పెట్టుకుని. అక్క పళ్ళెం సర్దుకుంటోంది. సొసైటీ పెద్దాయన నవ్వలేదు. జనంలో ఒక్కడు నవ్వకపోతే నాకు తోచదు, వాడి కోసం ఇంకోటి వెయ్యాలనిపిస్తుంది. వేశాను.

"అవతలి ఒడ్డుకెళ్ళేవాళ్ళు మాత్రం ఇంట్లో చెప్పి రండి."

ఇది ఇంకా బాగా పేలింది. ఆడవాళ్ళు కూడా కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దాయన బావ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

ఆ నవ్వులో ధైర్యం వచ్చి మళ్ళీ మోటారు మీదికి వంగితే కొబ్బరి వాసన కొట్టింది. తాళం స్విచ్చి మీద తడి చుక్కలు. అప్పుడర్థమైంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆ ఆపే వైరు ఊడదీసి, "తిప్పండి బావా" అన్నాను. ఒక్క తిప్పుకి అందుకుంది.

పెద్దాయన్నీ ఇంకో ఇద్దర్నీ ఎక్కించుకుని బయల్దేరాం. చాలా బాగా పోయింది పడవ. బావ వీపు నిటారుగా పెట్టుకుని, ఒక చేత్తో మోటారు పిడి పట్టుకుని, ఏ మాటా లేకుండా నీళ్ళ మధ్యదాకా తీసుకెళ్ళి పెద్ద చుట్టు తిప్పి తెచ్చాడు. ఆ పది నిమిషాలూ నేను కూడా నోరు మూసుకున్నాను.

ఒడ్డు దగ్గరికొచ్చాక బావ తాళం కట్టాడు. మోటారు ఆగలేదు. ఆపే వైరు నేను తీసేశాను కదా. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు కదా. బావ కంగారుగా తాళాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేను పాకుతూ వెళ్ళి పెట్రోలు పైపు పీకాను గాని, పైపులో మిగిలిన పెట్రోలు అయ్యేదాకా అది కొట్టుకుంటూనే ఉంది. ఒడ్డున కట్టేసిన తెప్పకి మెల్లగా తగిలాం. ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దాయన పంచె తడిసింది.

"మా బావ మాటల్లాగే, మొదలైతే ఆగదు" అన్నాను. మళ్ళీ నవ్వారు. మా బావ మూడేళ్ళుగా మాట్లాడడమే తక్కువని వాళ్ళకేం తెలుసు?

"ఆలోసించి కబురెడతాం" అన్నాడు పెద్దాయన.

కబురొచ్చింది. తెడ్ల పడవలే ఉండనిద్దాం అన్నారట. ఫోను చేసి చెప్పింది బావే. "పోన్లే బావా. పాత సామాను, దాని బుద్ధి అది సూపెట్టింది. నీ తప్పేటుంది ఇందులో? నువ్వొచ్చావు గాబట్టి ఆమాత్రమైనా తిరిగింది" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు. నేను "అవును" అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజే సిగ్గేసింది, అది ఇప్పటికీ తగ్గలేదు.

కుర్రాళ్ళ చేత మోటారుని మళ్ళీ పెరట్లో చెక్కకి ఎక్కించి టార్పాలిను కప్పాడు. పాడైపోకుండా రోజూ పొద్దున డ్రమ్ములో నీళ్ళు పోయించి కాసేపు తిప్పి ఆపుతున్నాడని అక్క చెప్పింది. "పడవ ఒడ్డునుంది, మోటారు డ్రమ్ములో ఉంది, మీ బావ వరండాలో ఉన్నాడు" అంది. ఈసారి నేను జోకు వెయ్యలేదు. అక్క ఫోను పెట్టేసింది.

తప్పు మోటారుది కాదని నిరూపించాలని పట్టుదల వచ్చింది. విశాఖపట్నం నుంచి కొత్త స్విచ్చి, రబ్బరు టోపీ తెప్పించి బిగించాను. బిందెతో నీళ్ళు కుమ్మరించి చూశాను, ఆగలేదు, ఆపితే ఆగింది. పాత స్విచ్చి జేబులో వేసుకుని, బావకి చెప్పకుండా, ఓ ఆదివారం రిజర్వాయరు దగ్గరికి వెళ్ళాను.

పెద్దాయన ఇంటి ముందు మంచమ్మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. కూర్చోమని పక్కకి జరిగాడు. నేను కాలేజీలో చెప్పినట్టే చెప్పాను. ఈ వైరు ఎర్తుకి తగిలితే మోటారు ఆగిపోతుందండి. ఆ రోజు కొబ్బరినీళ్ళు ఇందులోకి పోయాయండి. పోసింది నేనేనండి. వైరు తీసేసింది కూడా నేనే, అందుకే ఒడ్డుకొచ్చాక ఆగలేదు. ఇప్పుడు కొత్తది వేశాం, పైన టోపీ వేశాం, వానలో కూడా ఏం కాదు. ఆయన స్విచ్చి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, మంచమ్మీద పెట్టాడు.

"అయితే మోటారు మంచిదే."

"మంచిదేనండి."

"మీ బావ నడపగల్డు?"

"మీరే చూశారు కదండీ. నాకన్నా బాగా నడుపుతాడు."

"మరి ఆ రోజు మీరలాగ నవ్వించేరేటి?"

"అబ్బే, అది మా బావాబావమరుదుల ఎకసెక్కమండి. మా ఇళ్ళల్లో మామూలే" అన్నాను. అంటూ నవ్వాను కూడా, అలవాటు కొద్దీ.

ఆయన వల ఒళ్ళోకి లాక్కుని తెగిన కన్ను వెతుక్కున్నాడు.

"మోటార్ల సంగతి మాకేటి తెలుసు మేస్టారూ. సదువుకున్నోరు, సొంత బావమరిది, మీరే ఇంట్లో సెప్పి రమ్మన్నారు. బడి పిల్లల్ని ఎలాగెక్కిత్తాం?"